బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత: నీళ్లు ఎలా తాగాలి, పళ్లెంలో ఏది ముందు తినాలి

అక్కకి స్లీవ్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన సాయంత్రం, దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ మూతలో 30 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లు పోసి ఇచ్చాను. ఎప్పుడూ చెంబెత్తి గటగటా తాగే అలవాటు కదా, ఆ మూతెడు నీళ్లూ ఒక్క గుక్కలో వేసుకుంది. మరుక్షణం గుండెల మీద చెయ్యి వేసుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. కాసేపటికి తేరుకుని "రాయి దిగినట్టుందే" అంది. ఆపరేషన్ థియేటర్లో పొట్ట మారింది గానీ చెయ్యి, నోరు, మన ఇంట్లో వడ్డించే పద్ధతి ఏవీ మారలేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత ఏడాది పాటు అక్క వంట నా చేతి మీదుగానే నడిచింది. డిశ్చార్జి కాగితంలో దలియా, ఓట్స్, బ్రోకలీ సూప్ అని రాసుంది. మా వంటింట్లో ఉన్నవి పెసరపప్పు, చారు, మజ్జిగ. వాటితోనే దారి వెతుక్కున్నాం. మీ ఇంట్లోనూ అవే ఉంటాయి కాబట్టి ఆ దారి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ సర్జన్, డైటీషియన్ ఇచ్చిన చార్టుకీ నేను రాసినదానికీ తేడా వస్తే చార్టే పాటించండి. వారాల లెక్క ఆస్పత్రిని బట్టి, ఆపరేషన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

లోపల ఏం మారిందో తెలుసుకోండి

స్లీవ్‌లో పొట్టని ముప్పాతిక భాగం దాకా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. అందులో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడతాయి, అంటే ఒక టీ కప్పు. ఇంకో రకమైన బైపాస్‌లో అయితే పొట్ట పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. తిన్నది మిగతా పొట్టనీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండానే ముందుకి పోతుంది. మినీ బైపాస్‌లో సంచి ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే తర్వాత వచ్చే ఇబ్బందులు అర్థమవుతాయి. స్లీవ్ వాళ్లకి గొట్టంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట వస్తుంటాయి. బైపాస్ వాళ్లకి తీపి పడదు, విటమిన్లు ఒంటికి తక్కువ పడతాయి. ఏ ఆపరేషన్ చేశారో రాసున్న కాగితాన్ని ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ పెట్టుకోండి. దాని అవసరం కింద చెప్తాను.

మొదటి పని నీళ్లు, తిండి తర్వాత

మొదటి నెలలో చాలామంది మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చేది ఒంట్లో నీరు తగ్గిపోయే. అందరి టెన్షనూ "ఏమీ తినట్లేదు" అని. చూడాల్సింది "ఎంత తాగింది" అని. ఒంట్లో కొవ్వు ఉంది, కొన్నాళ్లు తిండి తగ్గినా నడుస్తుంది. నీళ్లకి అలాంటి నిల్వ లేదు.

రోజుకి 1.5 నుంచి 2 లీటర్లు లోపలికి పోవాలి. మేం పెట్టుకున్న లెక్క ఇది: ఒక మూత అంటే 30 మిల్లీలీటర్లు, మూడు నాలుగు చిన్న గుటకలుగా, పది నిమిషాల్లో. గంటకి ఆరు మూతలు, అంటే 180. రోజు మొత్తంలో పది గంటలు ఇలా సాగితే 1.8 లీటర్లు. మొదటి మూడు నాలుగు రోజులు అక్కకి లీటరు కూడా దాటలేదు, తర్వాత నెమ్మదిగా పెరిగింది. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, మూత అయిపోగానే గీత గీసేవాళ్లం. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు. ముదురు రంగులోకి మారినా, రోజులో రెండు మూడు సార్లకి మించి రాకపోయినా నీళ్లు చాలట్లేదు.

చల్లటి నీళ్లు కొందరికి పట్టేసినట్టు ఉంటాయి. గోరువెచ్చగా ఇచ్చి చూడండి. కొబ్బరి నీళ్లు ఇవ్వొచ్చు, సగానికి సగం నీళ్లు కలిపి. గోళీ సోడా, కూల్‌డ్రింక్, గ్యాస్ ఉన్నది ఏదైనా వద్దు. బలం వస్తుందని గ్లూకోజ్ పొడి, పండ్ల రసం కూడా వద్దు. కాఫీ, టీలకి నెల రోజులు ఆగమని మా డాక్టర్ చెప్పారు. అక్కకి అన్నిటికంటే కష్టమైంది అదే, పొద్దున్నే ఫిల్టర్ వాసన వస్తే వంటింట్లోంచి లేచి వెళ్లిపోయేది.

ఇక జీవితాంతం ఉండే నియమం. తినడానికి ముప్పై నిమిషాల ముందు నుంచి, తిన్నాక ముప్పై నిమిషాల దాకా నీళ్లు తాగకూడదు. చిన్న గొట్టంలో తిండీ నీళ్లూ కలిస్తే పట్టక వాంతి అవుతుంది. పట్టినా, నీళ్లు తిండిని కిందికి తోసేస్తాయి, గంట తిరక్కుండా మళ్లీ ఆకలి. మన ఇళ్లలో పీట వెయ్యగానే ముందు పెట్టేది గ్లాసు నీళ్లే. ఆ గ్లాసుని టేబుల్ మీద నుంచి తీసెయ్యండి. కళ్లెదురుగా ఉంటే చెయ్యి దానంతట అదే వెళ్తుంది.

మొదటి రెండు వారాలు: తాగేవే

మొదటి ఒకటి రెండు రోజులు తేటగా ఉన్నవి మాత్రమే: నీళ్లు, వడకట్టిన చారు కట్టు, తేట సూప్. డాక్టర్ సరే అన్నాక చిక్కటివి. మేం వాడినవి ఇవి: పెసరపప్పుని మెత్తగా ఉడికించి, పైకి తేలిన కట్టు వడకట్టి చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి. చిలికి వెన్న తీసిన మజ్జిగ, అల్లం ముక్క నలిపి వేసి తీసేసి. వెన్న తీసిన పాలు. చికెన్ ఎముకలతో కాచి వడకట్టిన సూప్. కారం, చింతపండు పులుపు, తాలింపు గింజలు ఏవీ లేకుండా.

రాగి జావ గురించి చెప్పాలి, ఎందుకంటే చూడ్డానికి వచ్చినవాళ్లంతా అదే పట్టమని చెప్పి వెళ్లారు. రాగి మంచిదే. కానీ గ్లాసు జావలో పడేది రెండు మూడు చెంచాల పిండి, దాంట్లో ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. మీకు రోజుకి కావాల్సింది 60 నుంచి 80 గ్రాములు. ఆ చిన్న పొట్టలో జావ నిండితే ప్రొటీన్‌కి చోటు ఉండదు. అక్కకి జావ ఇచ్చినా నీళ్లకి బదులు పాలు పోసి, డాక్టర్ రాసిన ప్రొటీన్ పొడి అర చెంచా కలిపి ఇచ్చేదాన్ని. పొడిని వేడి వేడి వాటిలో వేస్తే గడ్డ కడుతుంది. ముందు చల్లటి పాలలో కలిపి, ఆ తర్వాత గోరువెచ్చటి జావలో పొయ్యండి.

మూడు, నాలుగు వారాలు: గుజ్జు

పసిపిల్లలకి పెట్టే మెత్తదనం. చెంచాలోంచి వంపితే జారాలి, గింజ తగలకూడదు. మెత్తగా ఉడికించి మిక్సీ పట్టిన పప్పు, గిలక్కొట్టిన పెరుగు, ముల్లు తీసి పులుసులో నలిపిన చేప, పాలతో మిక్సీ పట్టిన పనీర్, సొరకాయ, బీరకాయ గుజ్జు. చేపల్లో మాకు బాగా పనికొచ్చింది కొరమీను. ముళ్లు తక్కువ, మెత్తగా విడిపోతుంది.

ఒక పూటకి మూడు నాలుగు టీ చెంచాలు చాలు. అన్నం తినే పెద్ద చెంచా కాదు, టీ చెంచా. పిల్లల చెంచా ఉంటే ఇంకా మంచిది. పళ్లెం కూడా మార్చండి. పెద్ద కంచంలో నాలుగు చెంచాలు పెడితే ఇంట్లోవాళ్లకే చూడబుద్ధి కాదు, టిఫిన్ ప్లేటులో పెడితే నిండుగా కనిపిస్తుంది.

ఐదో వారం నుంచి: మెత్తటి తిండి

అక్క మొదటి ఇడ్లీ ఐదో వారంలో తింది. ఒకటి కాదు, సగం. పలుచటి పప్పులో నానబెట్టి, చెంచాతో ముక్క చేసి, నోట్లో ఇరవై సార్లకి పైగా నమిలి మింగడం, చెంచా కింద పెట్టడం, ఒక నిమిషం ఆగడం, మళ్లీ ముక్క. ఆ సగం ఇడ్లీకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అంత సమయం పట్టాల్సిందే. భోజనానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పెట్టుకోండి. అర గంటలో అవ్వకపోతే మిగిలింది వదిలెయ్యండి.

ఈ దశలో గుడ్డు పొరటు మెత్తగా, పెసరట్టు చిన్నది పలుచగా, ఉడికించిన చేప, పప్పు, మెత్తటి పనీర్. చికెన్ కైమాగా చేసి పులుసుతో తడిగా పెడితే దిగుతుంది, వేపుడు ముక్క అస్సలు దిగదు. కొత్త పదార్థం ఏదైనా ఒక పూటకి ఒక్కటే, అదీ ఇంట్లో ఉన్నప్పుడే. పడలేదంటే అది ఎప్పటికీ పడదని కాదు, రెండు మూడు వారాలాగి మళ్లీ చూడండి. అక్కకి మొదటి రెండు నెలలు గుడ్డు వాసనే పడలేదు, ఇప్పుడు రోజూ తింటుంది.

పళ్లెం తిరగెయ్యండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మన భోజనం అన్నం చుట్టూ తిరుగుతుంది. మధ్యలో గుట్టగా అన్నం, పక్కన కూర, పప్పు. కలిపి ముద్ద చేసి తింటాం, చివర్లో మజ్జిగన్నం. ఇప్పుడు ఆ వరస తలకిందులు చెయ్యాలి. ముందు చేప, గుడ్డు, చికెన్, పనీర్, ముద్దపప్పు ఏదో ఒకటి. తర్వాత కూర. అన్నం చివర, చోటు మిగిలితే, రెండు చెంచాలు. కూరని అన్నంలో కలుపుకోవడం మానేసి, విడిగా చెంచాతో తినండి. కలిపితే ప్రతి ముద్దలో ముప్పావు అన్నమే ఉంటుంది.

ఎందుకింత పట్టుదల అంటే, తిండి తగ్గిపోయినప్పుడు ఒళ్లు కొవ్వుతో పాటు కండని కూడా కరిగిస్తుంది. ప్రొటీన్ అందితే కండ కొంత నిలుస్తుంది. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు కూడా బాగా రాలుతుంది. చాలామందికి అది తాత్కాలికమే, కానీ ప్రొటీన్, ఐరన్ తక్కువైతే ఎక్కువవుతుంది.

మూడో నెలలో అక్క ఒక రోజు లెక్క చూడండి. పొద్దున రెండు గుడ్లు, 12 గ్రాములు. పది గంటలకి గ్లాసు పాలలో ఒక స్కూప్ ప్రొటీన్ పొడి, 26. మధ్యాహ్నం 60 గ్రాముల చేప, రెండు చెంచాల పప్పు, 15 దాకా. సాయంత్రం 40 గ్రాముల పనీర్, 7. రాత్రి 50 గ్రాముల చికెన్ కైమా, కాస్త పెరుగు, 15. మొత్తం 75. శాకాహారులకి కష్టమే గానీ కుదురుతుంది: పొడి కలిపిన పాలు 26, పనీర్ 50 గ్రాములు 9, ఎండు మీల్‌మేకర్ 20 గ్రాములు నానబెట్టి ఉడికించి తురిమితే 10, చిన్న పెసరట్టు 6, పప్పు అర కప్పు 4, గట్టి పెరుగు చిన్న కప్పు 4. ఇది 59. ఇంకో అర గ్లాసు పాలు చేరిస్తే గట్టెక్కుతుంది. మొదట్లో ఒక చిన్న వంటింటి తూకం కొనుక్కోండి. నెల రోజులు తూచాక కంటికే తెలిసిపోతుంది.

అన్నం, చపాతీ, బ్రెడ్

అన్నం లోపల ఉబ్బి ముద్దకట్టి ఇరుక్కుంటుంది. మెత్తటి చపాతీ, బ్రెడ్ ఇంకా జిగురు. చాలా చార్టుల్లో ఇవి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే ఉంటాయి. ములక్కాడ, గోరుచిక్కుడు లాంటి పీచువి, కమలా తొనల పైపొర ఇంకా తర్వాత. ఆవకాయకీ అప్పటిదాకా ఆగాలి, మొదలుపెట్టినా నాలుక్కి రాసుకునేంతే.

ఆరో వారంలో అమ్మ ఉండబట్టలేక వేడి వేడి ముద్దపప్పన్నంలో నెయ్యి వేసి కలిపి పెట్టింది. అక్క ఫోన్ చూసుకుంటూ మూడు ముద్దలు తింది. మూడోది మింగగానే ముక్కు కారింది, నోట్లో జొల్లు ఊరడం మొదలైంది, లేచి బాత్రూంలోకి వెళ్లింది. వచ్చింది అన్నం కాదు, తెల్లటి నురుగు. తినడంలో తొందరపడితే, సరిగ్గా నమలకపోతే జరిగేది ఇదే. అలా అయితే లేచి నెమ్మదిగా నడవండి, ఆ పూటకి ఇంకేమీ తినొద్దు, దాన్ని కిందికి తొయ్యాలని నీళ్లు తాగొద్దు. తగ్గాక ఆ రోజంతా తాగేవాటితోనే గడపండి. ముక్కు కారడం, ఎక్కిళ్లు, ఒక పెద్ద నిట్టూర్పు, ఇవే "చాలు" అన్న గుర్తులు. అందరికీ ఒకటే ఉండదు. అక్కకి తుమ్ము వస్తుంది. తుమ్ము రాగానే చెంచా పక్కన పెడుతుంది.

తీపి తిన్నాక గుండె దడ

దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లలో ఎక్కువ, స్లీవ్ వాళ్లకీ రావచ్చు. తీపి పదార్థం ఒక్కసారిగా పేగులోకి దూకితే, తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో చెమట, దడ, కడుపులో మెలిక, విరేచనాలు. ఇంకో రకం ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది: షుగర్ ఒక్కసారిగా పడిపోయి వణుకు, కళ్లు తిరగడం. జ్యూస్, పాయసం, స్వీట్లు మానేస్తే చాలావరకు తగ్గుతుంది. రెండో రకం పదే పదే వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి, వాహనం నడిపేవాళ్లు అసలు తేలిగ్గా తీసుకోవద్దు.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్లకి మరో హెచ్చరిక. ఆపరేషన్ అయిన రోజుల్లోనే షుగర్ బాగా తగ్గిపోతుంది. పాత మోతాదులో ఇన్సులిన్, మాత్రలు వేసుకుంటే ప్రమాదం. ఇంటికొచ్చే ముందే కొత్త మోతాదు రాయించుకోండి.

మాత్రలు: కొన్నాళ్లు కాదు, జీవితాంతం

మల్టీవిటమిన్, బి12, డి విటమిన్, కాల్షియం, అవసరాన్ని బట్టి ఐరన్. మోతాదు మీ రక్త పరీక్ష చూసి డాక్టర్ రాస్తారు. కాల్షియం సాధారణంగా రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా. చీటీ మీద కాల్షియం సిట్రేట్ అని ఉంటే షాపులో అట్ట తిప్పి ఆ మాట చూసి తీసుకోండి, కార్బొనేట్ ఇచ్చేస్తుంటారు. పొట్టలో ఆమ్లం తగ్గినవాళ్లకి సిట్రేటే బాగా పడుతుంది. ఐరన్‌కీ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌ని టీ, కాఫీలతో వేసుకోవద్దు. మోకాళ్ల నొప్పులకి మన దగ్గర అలవాటుగా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, బైపాస్ వాళ్లు మరీను. కుట్టిన చోట పుండు పడుతుంది. సిగరెట్ వల్ల కూడా అదే. మద్యం ఇదివరకటికంటే త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. ఆపరేషన్ తర్వాత కొత్తగా దానికి అలవాటు పడినవాళ్లు ఉన్నారు, దూరంగా ఉండడమే మేలు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి

మొదటి వారాల్లో నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, తగ్గని కడుపు నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం. ఇవి కుట్ల దగ్గర లీక్ అయిందనడానికో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందనడానికో గుర్తులు కావచ్చు. గ్యాస్ అనుకుని పొద్దున దాకా ఆగొద్దు. మలం నల్లగా రావడం, రక్తపు వాంతి కూడా అంతే. 24 గంటలు నీళ్లు కూడా నిలవకపోతే ఫోన్ చెయ్యడం కాదు, వెళ్లండి.

వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటే ప్రమాదం ఉంది. దాన్ని థయమిన్ అంటారు. అప్పుడు రెండేసి కనిపించడం, నడకలో తూలడం, మాట తికమక మొదలైతే మెదడు దెబ్బతింటోందని అర్థం. మన ఊళ్లలో నీరసంగా ఉందంటే దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తారు. ఈ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. అందుకే పైన చెప్పిన ఆపరేషన్ కాగితం ఫోటో. ఎక్కడికెళ్లినా ముందు అది చూపించి, "బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులవుతున్నాయి, గ్లూకోజ్‌కి ముందు థయమిన్ ఇవ్వాలా చూడండి" అని అడగండి. రోగి చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు, పక్కనున్నవాళ్లకి ఇది తెలిసుండాలి.

ఇంట్లోవాళ్లు, పండగలు, పెళ్లిళ్లు

మనకి ప్రేమ చూపించడమంటే కొసరి వడ్డించడం. అమ్మ ఒక నెల రోజులు చాటుగా ఏడ్చింది, "పిల్ల మూడు చెంచాలు తిని లేస్తోంది" అని. డైటీషియన్ దగ్గరికి రెండోసారి వెళ్లినప్పుడు అమ్మని కూడా తీసుకెళ్లాం. ఆవిడ టీ కప్పు చూపించి "అమ్మా, ఇప్పుడు మీ అమ్మాయి పొట్ట ఇంత" అన్నాక బతిమాలడం తగ్గింది. మీరూ అదే చెయ్యండి.

మొదటి నెలల్లో ఏకాదశి, శనివారం ఒక్కపొద్దులు వద్దు. రోజంతా ఆగి రాత్రి ఒకేసారి తినే పొట్ట కాదిది. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగాలి, పగలంతా నీళ్లు లేకుండా ఉండడమే పెద్ద సమస్య. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు.

ఏడాది దాటుతుండగా ఆకలి మళ్లీ పలకరిస్తుంది. అప్పుడు జాగ్రత్తపడాల్సింది సులువుగా జారిపోయే వాటి దగ్గర. గట్టి చికెన్ ముక్క రెండుకే పొట్ట నిండుతుంది గానీ ఐస్‌క్రీమ్, మిక్చర్, బిస్కెట్లు ఎంతైనా పడతాయి, బరువు తిరిగొచ్చేది ఆ దారినే. రక్త పరీక్షలు మొదటి ఏడాది డాక్టర్ చెప్పినన్ని సార్లు, ఆ తర్వాత ఏడాదికోసారి, ఒంట్లో బాగానే ఉన్నా సరే.

పెళ్లికి వెళ్లేటప్పుడు బఫే అయితే దిగుల్లేదు. బంతి భోజనమైతే, అక్క చివరి వరసలో కూర్చుని విస్తరిలో ముందుగా కూర, పప్పు మాత్రం వేయించుకుంటుంది. అన్నం తెచ్చినాయనకి "ఒక్క చెంచా చాలు బాబూ, కడుపు బాలేదు" అంటుంది. పక్కన బావ కూర్చుంటాడు, బొబ్బట్టు వడ్డించగానే తన విస్తట్లోకి మార్చుకుంటాడు. నీళ్ల సీసా బండిలోనే పెట్టి వస్తుంది, తిన్న అర గంటకి వెళ్లి తాగుతుంది.